చిత్రాన్ని ఇంట్లో వదిలి వెళ్ళిన డీలరును ఏయే పత్రాలు అడగాలి?

హైదరాబాదులోని ఒక గ్యాలరీ యజమాని, 1996లో కాలం చేసిన చిత్రకారులు పి.టి. రెడ్డి గారు వేసినదని చెబుతూ ఒక చిత్రాన్ని మా హాల్లో తానే మేకు కొట్టి తగిలించి, "డబ్బు మాట తరువాత చూద్దాం, నెల రోజులు ఉండనివ్వండి సార్" అని వెళ్ళారు. ఇది ఒకప్పటి పేరుమోసిన కళాఖండాల డీలరు జోసెఫ్ డువీన్ నాటి పాచికే. 1936లో వాషింగ్టన్‌లో అమెరికా కోటీశ్వరుడు ఆండ్రూ మెలన్ ఉండే భవనంలోనే కింది అంతస్తును అద్దెకు తీసుకుని, దాన్ని కళాఖండాలతో నింపి, తాళంచెవి మెలన్‌కే అప్పగించిన ఆ డీలరు చివరకు వాటిలో చాలావాటిని ఆయనకే అమ్మగలిగాడు. పైగా, తాను అమ్మే ఇటాలియన్ చిత్రాలు అసలైనవేనని నిర్ధారించే పండితుడు బెర్నార్డ్ బెరెన్సన్‌కు డువీన్ లాభాల్లో రహస్యంగా వాటా ఇచ్చేవాడు. అది తెలిసిన నాకు, మా డీలరు చూపిన ధ్రువపత్రం మీద ఆయన గ్యాలరీ ముద్ర తప్ప మరెవరి సంతకమూ లేకపోవడం మింగుడు పడడం లేదు. మనిషి మాత్రం మహా మాటకారి; ఎదురుగా కూర్చుంటే కాదనబుద్ధి కాదు.

ఇలాంటి కొనుగోళ్ళలో అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు: చిత్రం ఎవరెవరి చేతులు మారిందో చూపే పాత బిల్లులు, ప్రదర్శనల కేటలాగులు పట్టుబట్టి అడగడం పరిపాటేనా? నకిలీ అని తేలితే సొమ్ము వాపసు ఇవ్వాలన్న షరతును బిల్లు మీదే రాయించుకోవచ్చా? ఈ నెలలోపు చిత్రానికి ఏదైనా నష్టం జరిగితే ఆ భారం ఎవరిది?