అప్‌డేట్: హెల్మెట్ వైజర్‌కి ఆవిరి పట్టే సమస్య తీరింది

సైఫై కన్వెన్షన్ (సైన్స్ ఫిక్షన్ అభిమానులు వేషాలు వేసుకుని కలిసే వేడుక) కోసం ఫోమ్‌తో చేసుకున్న హెల్మెట్ పెట్టుకోగానే ఊపిరికి వైజర్, అంటే ముఖం ముందుండే అద్దం, మసకబారిపోతోంది, రోజంతా ఎలా తిరగాలి అని ఇక్కడ అడిగాను కదా. కన్వెన్షన్ అయిపోయింది, ఫ్రెండ్స్‌తో సాయంత్రం దాకా హాయిగా తిరిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అసలు పనిచేసింది ఫ్యానే. గడ్డం దగ్గర సందు వదిలి, వెనక పైభాగంలో పవర్ బ్యాంకుతో నడిచే 5 వోల్టుల చిన్న ఫ్యాన్‌ని గాలి బయటికి తోసేలా బిగించాను. మొదట అది నడిచినట్టే నడిచి ఆగిపోయేది, ఫ్యాన్ పోయిందేమో అని ఒకటే టెన్షన్. తీరా చూస్తే, మరీ తక్కువ కరెంటు లాగితే కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆఫ్ అయిపోతాయి. పక్కనే రెండో ఫ్యాన్ కలిపాను, ఇక ఆగలేదు.

గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క లోపలివైపు రాసి తుడవమన్నారు, అదీ మంచిదే, ఆవిరి బొట్లు కట్టకుండా పల్చటి పొరలా పరుచుకుంటుంది కాబట్టి ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, కాకపోతే మధ్యాహ్నానికి మళ్లీ రాయాల్సి వచ్చింది. వైజర్ రంగు తగ్గించమన్న సలహాకీ ఆవిరి పట్టడానికీ సంబంధమే లేదు.

ఫ్యాన్ల చప్పుడుకి మాత్రం ఫ్రెండ్స్ మాటలు సగం వినపడలేదు. దానికింకా మందు దొరకలేదు.