కోక్ బదులు ప్లాస్టిక్ చెత్త వేస్తే ఫెర్రో మాంగనీస్ వస్తుందా?

ప్రశ్న:
బొబ్బిలి వైపు ఒక ఫెర్రో మాంగనీస్ (ఉక్కు తయారీలో వాడే ఇనుము-మాంగనీస్ మిశ్రమం) ఫర్నేస్‌లో చార్జింగ్, అంటే సరుకు వేసే పని చూస్తాను. ఖనిజం నుంచి లోహం తీయడానికి కార్బన్ కావాలి, దానికి కోక్ (గాలి తగలకుండా కాల్చిన బొగ్గు) వేస్తాం. ఆ కోక్ బిల్లు వచ్చిందంటే మా మేనేజర్‌కి టెన్షన్. గేటు బయటేమో పాల ప్యాకెట్ల గుట్ట. పాలిథిన్ బరువులో దాదాపు 86 శాతం కార్బనే కదా, కొంత కోక్ తగ్గించి అది కలపొచ్చా అన్నా?

జవాబు 1:
తమ్ముడూ, ఆ 86 చూసి ఆశపడకు. పాలిథిన్ 500 డిగ్రీలు దాటకముందే చాలామటుకు గ్యాసైపోతుంది. మీది సబ్‌మెర్జ్‌డ్ ఆర్క్, అంటే కరెంటు వేడి సరుకు అడుగున పుడుతుంది, సరుకు పైనుంచి నెమ్మదిగా దిగుతుంది. ప్లాస్టిక్ పైనే మండిపోతుంది, కింద ఖనిజానికి కార్బన్ మిగలదు. కరిగి చార్జిని అట్టకట్టిస్తే ఇంకా ప్రమాదం: గ్యాస్ కింద ఆగి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అప్పుడు పక్కన ఉండేది నువ్వే, మేనేజర్ కాదు.

జవాబు 2:
జపాన్‌లో ఎన్‌కేకే కంపెనీ 1996 నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్‌లో ప్లాస్టిక్ ఊదింది కదండీ? సిడ్నీలో శాస్త్రవేత్త వీణా సహజ్‌వాలా గారు పాత టైర్ల రబ్బరును కోక్‌తో కలిపి ఉక్కు చేసే ఆర్క్ ఫర్నేస్‌లోకి ఊదించారు, స్లాగ్ (కరిగిన లోహం మీద తేలే మడ్డి) బాగా నురగ కట్టడానికి.

జవాబు 1:
నిజమే. కానీ అవి ఇనుము, ఉక్కు ఫర్నేస్‌లు, పైగా నేరుగా వేడి ఉన్నచోటికే ఊదారు. అక్కడ వచ్చిన హైడ్రోజన్ కూడా పనికొస్తుంది. తమ్ముడి ఫర్నేస్‌కు ఊదే ఏర్పాటే లేదు.

ప్రశ్న అడిగినవారు:
ప్లాస్టిక్‌ను బ్రికెట్లు (నొక్కి చేసిన గట్టి ముద్దలు) చేసి వేస్తే?

జవాబు 1:
ముందు ల్యాబ్‌లో ఫిక్స్‌డ్ కార్బన్, అంటే వేడికి గ్యాసైపోగా మిగిలే కార్బన్ ఎంతో తీయించు. పీవీసీ మాత్రం ఏరి పారేయ్, అందులో సగానికి పైగా క్లోరినే.