వేరియబుల్ ఎన్‌డీ పెడితే ఫొటోలో నల్లటి ఇంటూ మార్కు పడుతోంది, ఎందుకు?

ప్రశ్న: అన్నలూ, ఒక సందేహం. పోయిన ఆదివారం బొగత జలపాతానికి వెళ్ళాను. నీళ్ళు పాలధారలా మెత్తగా రావాలని కొత్తగా కొన్న వేరియబుల్ ఎన్‌డీ (లెన్స్ ముందు బిగించి, రింగు తిప్పుతూ లోపలికి వచ్చే వెలుతురు తగ్గించే ఫిల్టర్) పెట్టాను. 16 మిల్లీమీటర్ల వైడ్‌లో, రింగు చివరిదాకా తిప్పితే ఫొటో నిండా నల్లటి ఇంటూ మార్కులాంటి నీడ పడింది. మబ్బు పట్టిన మధ్యాహ్నం, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 100, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం సైజు, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). లెన్స్ పాడైందా, ఫిల్టర్ నకిలీదా? వచ్చే నెల మా అక్క ప్రీవెడ్డింగ్ వీడియో కూడా నేనే తీయాలి. టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, నీ లెన్స్‌కేమీ కాలేదు. ఖరీదైన ఫిల్టర్‌కైనా వైడ్‌లో చివరిదాకా తిప్పితే ఆ మార్కు రావచ్చు.

వేరియబుల్ ఎన్‌డీ అంటే ఒక నల్లద్దం కాదు, ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు పోలరైజర్లు, అంటే ఒక దిశలో ఊగే కాంతినే లోపలికి వదిలే అద్దాలు. రెండూ ఒకే దిశలో ఉంటే వెలుతురు బాగా లోపలికి వస్తుంది. ముందున్నదాన్ని తిప్పేకొద్దీ తగ్గుతుంది, 90 డిగ్రీలకు దగ్గరపడితే దాదాపు చీకటే. నేరుగా వచ్చే కాంతికి ఈ లెక్క సరిపోతుంది. కానీ వైడ్ లెన్స్‌లోకి మూలల నుంచి కాంతి బాగా ఏటవాలుగా వస్తుంది. అది ఒక దిక్కున ఎక్కువ ఆగి, ఇంకో దిక్కున తక్కువ ఆగుతుంది. నువ్వు చూసిన ఇంటూ అదే. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కి పెట్టి చూడు, చాలావరకు కనబడదు.

అసలు నీకు చివరిదాకా తిప్పే అవసరమే లేదు. నువ్వు చెప్పిన వెలుతురులో ఫిల్టర్ లేకుండా షట్టర్ సుమారు 1/25 సెకను వచ్చి ఉంటుంది. వెలుతురు సగానికి తగ్గితే దాన్ని ఒక స్టాప్ అంటాం. ఒక్కో స్టాప్‌కి సమయం రెట్టింపు అవుతుంది: 1/12, 1/6, 1/3, నాలుగో స్టాప్‌కి అర సెకను దాటేస్తావు. జలపాతానికి నా కంటికి అర సెకనే అందం, నీటి పోగులు విడివిడిగా కనిపిస్తాయి. పది సెకన్లు పెడితే దూదిలా అయిపోయి, నీళ్ళు ఎంత వడిగా దూకుతున్నాయో తెలియదు.

ఇంట్లో ఒక పని చెయ్యి. సమంగా వెలుతురు పడే తెల్ల గోడ ముందు 16 దగ్గర కెమెరా పెట్టి, రింగు ఒక్కో గీత తిప్పుతూ ఒక్కో ఫొటో తియ్యి. మూలలు ఎక్కడ తేడాగా నల్లబడడం మొదలైతే అక్కడ రింగు మీద తెల్ల పెయింట్‌తో చిన్న చుక్క పెట్టు. వైడ్‌లో ఇక ఆ చుక్క దాటొద్దు. రింగు మీద కంపెనీవాళ్ళు వేసిన అంకెలను గుడ్డిగా నమ్మకు, కెమెరాలోని వెలుతురు మీటర్‌తో సరిచూసుకో.

ప్రశ్న: గుండె కుదుటపడింది అన్నా. మరి వీడియోకి ఇదే వాడొచ్చా? ఎండలోనే షూట్.

జవాబు: వీడియోకే ఇది పుట్టింది అనుకో. సెకనుకు 25 ఫ్రేములకు షట్టర్ 1/50 పెడతాం. ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/16 దగ్గర 1/100 వస్తుంది. అదే ఎఫ్/2.8కి తెరిస్తే 1/3200. అక్కడి నుంచి 1/50కి రావాలంటే ఆరు స్టాప్‌లు కావాలి. నీది 2 నుంచి 5 స్టాప్‌ల రకం అయితే ఒకటి తగ్గుతుంది, ఎఫ్/4లో తియ్యి. లాగ్‌లో (ఎడిటింగ్‌లో రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పగా తీసే పద్ధతి) తీస్తే కొన్ని కెమెరాలు ఐఎస్ఓ 800 కన్నా కిందికి దిగవు, అంటే ఇంకో మూడు స్టాప్‌లు. ఆ లెక్క ముందే చూసుకో. మబ్బు అడ్డం వస్తే రింగు కాస్త వెనక్కి తిప్పితే చాలు, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ మారదు.

ఇంకొకరి జవాబు: అన్న చెప్పింది నిజం. పెళ్ళిళ్ళ వీడియోలు తీసేదాన్ని కాబట్టి ఒక మాట కలుపుతాను తమ్ముడూ. ఇది పోలరైజరే కాబట్టి రింగు తిప్పినప్పుడు వెలుతురుతో పాటు ముఖం మీది మెరుపు, ఆకుల మీది తళుకు, నీటిలోని నీడ కూడా మారతాయి. రిషికొండ బీచ్‌లో ఒకసారి కెమెరాను ఎడమ నుంచి కుడికి తిప్పుతూ తీశాను. షాట్ మొదట్లో ఆకాశం ముదురు నీలం, చివర్లో వెలిసిపోయిన నీలం. ఎడిటింగ్‌లో ఎంత తంటాలు పడ్డా కలవలేదు. ఆకాశం ఎక్కువగా ఉండి కెమెరా తిరిగే షాట్‌కి మామూలు (తిప్పే రింగు లేని) ఎన్‌డీ64 పెట్టు, అది ఆరు స్టాప్‌లు. నీ జలపాతానికైతే ఎన్‌డీ8 గానీ ఎన్‌డీ16 గానీ చాలు, ఇంటూ బెడద ఉండదు.

చవకవాటిలో ముఖాలు కాస్త పసుపుగా వస్తాయి. ఫిల్టర్ బిగించాకే గ్రే కార్డుతో (బూడిద రంగు అట్ట) వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సరిపోలిక, సెట్ చెయ్యి. దీని మీద మళ్ళీ సీపీఎల్ (ఇంకో పోలరైజర్ ఫిల్టర్) పెట్టొద్దు. సముద్రం దగ్గర ఉప్పు తుంపర పడితే పొడి బట్టతో రుద్దకు, గీతలు పడతాయి. తడి బట్టతో అద్ది, తర్వాత తుడువు. లెన్స్‌కి బిగుసుకుపోతే రెండు వేళ్ళతో నొక్కి తిప్పకు, రింగు వంగి ఇంకా బిగుస్తుంది. వెడల్పు రబ్బరు బ్యాండ్ చుట్టి మెల్లగా తిప్పు.

ప్రశ్న అడిగినవారు: అక్కా, అన్నా, చాలా థాంక్స్. రేపు పొద్దున్నే గోడ ఫొటోలు తీసి, చుక్క ఎక్కడ పడిందో ఇక్కడే చెప్తాను. ఎన్‌డీ64 కూడా ఒకటి తీసుకుంటాను.