చైనీస్ న్యూ ఇయర్‌కి పక్కింటివాళ్ళు పిలిచారు – కవర్లో 11 డాలర్లు పెట్టొచ్చా?

కొత్తగా_సెంగ్‌కాంగ్:

అందరికీ నమస్కారం. మేం గుంటూరు నుంచి సింగపూర్ వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. సెంగ్‌కాంగ్‌లో హెచ్‌డీబీ (ప్రభుత్వం కట్టించిన) ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం. ఎడమ పక్క చైనీస్ కుటుంబం, కుడి పక్క మలయ్ కుటుంబం. ఫిబ్రవరి 17న, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం మొదటిరోజు మధ్యాహ్నం, తప్పకుండా రమ్మని చైనీస్ ఆంటీ గడప దాకా వచ్చి పిలిచారు. వాళ్ళింట్లో బడికెళ్ళే మనవరాళ్ళు ఇద్దరు, ముప్పై దాటినా పెళ్ళికాని కొడుకు ఉన్నారు.

మేం గుడ్డు కూడా ముట్టం. అక్కడ ఏం తినొచ్చు, ఏం తీసుకెళ్ళాలి? పిల్లలకి ఎర్ర కవర్లో డబ్బులివ్వాలట కదా, మన పద్ధతిలో 11 పెడదాం అంటున్నారు మావారు. ఇంకోటి: ఈసారి (2026) ఉగాది మార్చి 19న, రంజాన్ పండుగ 21న వస్తున్నాయి. కుడి పక్కవాళ్ళకి పచ్చడి, పులిహోర పంపాలని ఉంది. పొద్దున్నే పంపితే బాగుంటుందా?

యిషున్_అత్త:

11 మాత్రం పెట్టకమ్మా! మనం పది మీద ఒకటి, నూరు మీద పదహారు వేసి ఇస్తే శుభం. వీళ్ళ లెక్క దానికి తలకిందులు. బేసి సంఖ్యలో డబ్బు ఇచ్చేది చావింటికి. పండక్కి సరిసంఖ్యే ఇవ్వాలి, అందులోనూ నాలుగు పనికిరాదు. పక్కింటి పిల్లలకి ఆరో, ఎనిమిదో, పదో పెడితే చాలు, ఎక్కువిచ్చి వాళ్ళని ఇబ్బంది పెట్టొద్దు. నోట్లు మడతలు పడనివి చూసుకో. కొత్త నోట్లే కావాలంటే బ్యాంకులో ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. కవరు రెండు చేతులతో ఇయ్యి. పిల్లలు నీ ముందు విప్పి చూడకపోతే ఏమీ అనుకోకు, అది వాళ్ళ మర్యాద.

ఆ ముప్పై దాటిన అబ్బాయి సంగతి. ఆంగ్ పావ్, అంటే ఆ ఎర్ర కవరు, పెళ్ళైనవాళ్ళు పెళ్ళికానివాళ్ళకిచ్చేది, వయసుతో పెద్దగా పని లేదు. మా అంతస్తులో నలభై దాటిన బ్రహ్మచారి ఒకాయన ఇప్పటికీ నవ్వుతూ పుచ్చుకుంటాడు. నువ్వు అతనికంటే చిన్నదానివైతే ఇవ్వనక్కర్లేదు, ఇస్తే మాత్రం కాదనడు.

చేతిలో రెండు మాండరిన్ కమలాలు ఉండాలి. ఒక్కటి పట్టుకెళ్ళకూడదు. సూపర్‌మార్కెట్లో పెట్టెలుగా అమ్ముతారు. ఆంటీ తీసుకుని, నువ్వు బయల్దేరేటప్పుడు వాళ్ళవి రెండు నీ చేతిలో పెడతారు. వద్దు వద్దంటూ మన మొహమాటం చూపించకు, తీసుకోవాలి. నలుపు, తెలుపు బట్టలు వద్దు. నీ దగ్గర ఎర్రచీర ఉంటే కట్టుకో, ఆంటీ వీధంతా చెప్పుకుంటారు. గోడగడియారం లాంటివి ఎప్పుడూ కానుకగా ఇవ్వొద్దు, అశుభం అంటారు.

తిండి దగ్గరే మీకు కష్టం. పైనాపిల్ టార్ట్‌ల మీద ఆ మెరుపు గుడ్డు సొనది. గొట్టాల్లా చుట్టిన పల్చటి బిస్కట్లుంటాయి, లవ్ లెటర్స్ అంటారు, వాటిలోనూ గుడ్డే. ఎర్రగా నిగనిగలాడే ముక్కలు బక్‌వా, అంటే పందిమాంసం. పుచ్చగింజలు, వేయించిన వేరుసెనగ, కమలాలు నిశ్చింతగా తినొచ్చు. కాకపోతే ఇక్కడొక సంగతి ఉంది. బౌద్ధం పాటించే ఇళ్ళలో చాలామంది మొదటిరోజు మాంసం ముట్టరు. ఆంటీ ఆ కోవలోవాళ్ళైతే నీ పని తేలిక. ఇప్పుడే వెళ్ళి "మేం గుడ్డు కూడా తినం" అని సూటిగా చెప్పు. ముందు చెబితే వీళ్ళు అస్సలు నొచ్చుకోరు. వండిపెట్టాక పళ్ళెం పక్కకి జరిపితేనే బాధ. లో హేయ్ అని చాప్‌స్టిక్స్‌తో కూరగాయల తురుమంతా పైకెగరేస్తూ కేకలు వేస్తారు. అందులో మామూలుగా పచ్చి చేప వేస్తారు. చేప లేనివీ దొరుకుతాయి, అలాంటి డబ్బా ఒకటి నువ్వే తీసుకెళ్తే ఇంకా మంచిది. టేబుల్ నిండా చల్లుకున్నా ఎవరూ ఏమనరు, ఎంత ఎత్తుకి లేస్తే అంత కలిసొస్తుందట.

ముందురోజు రాత్రి విందుకి మాత్రం పిలవలేదేమా అనుకోకు. అది అచ్చంగా వాళ్ళ కుటుంబానిది.

తెనాలి_టు_టెక్కా:

అత్తగారు అన్నీ చెప్పేశారు. పిల్లలుంటే ఒక మాట: టపాకాయలు కాల్చొచ్చని ఆశపెట్టకండి. 1972 నుంచి నిషేధం. పండగ చప్పబడిపోకూడదని మరుసటి ఏడాది మొదలుపెట్టిందే చింగే ఊరేగింపు. దీపావళికీ ఇదే వరస, మనకి కాకరపువ్వొత్తులే గతి. వాయిడ్ డెక్‌లో (ఫ్లాట్ల కింది ఖాళీ జాగాలో) సింహనాట్యం వస్తే డప్పుల మోత మాత్రం గట్టిగానే ఉంటుంది.

వీలైతే 16 రాత్రి వాటర్లూ స్ట్రీట్ వెళ్ళండి. కొత్త సంవత్సరం మొదటి అగరుబత్తి తనదే కావాలని క్వాన్ ఇమ్ గుడి ముందు జనం కిక్కిరిసిపోతారు. దాని పక్కనే 1870 నాటి శ్రీకృష్ణుడి గుడి. చైనీస్ భక్తులు అక్కడ దణ్ణం పెట్టుకుని ఇటొచ్చి కృష్ణుడికీ అగరుబత్తులు గుచ్చి వెళ్తారు. సింగపూర్ అంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ వీధిలోనే, ఆఫీసులవాళ్ళు చేయించే ‘కల్చర్ డే’లో కాదు.

ఆంగ్ పావ్‌ల గురించి మరీ టెన్షన్ వద్దు. మా ఆఫీసులో కుర్రాళ్ళు మన యూపీఐ లాంటి పేనౌ ఫోన్లో కొట్టేస్తున్నారు.

యిషున్_అత్త:

ఆఫీసులో కొట్టుకోండి బాబూ. ఇంటికి పిలిచి అన్నం పెట్టిన ఆంటీ మనవరాలికి ఫోన్లో పంపిస్తారా?

ఉగాది సంగతి మర్చిపోయాను. 19 గురువారం మీ మలయ్ పక్కింటివాళ్ళింకా ఉపవాసంలోనే ఉంటారు, పొద్దున పంపితే పచ్చడిని సాయంత్రం దాకా అలా చూస్తూ కూర్చోవాలి. ఇక్కడ మార్చిలో పొద్దు గుంకేది ఏడుంపావు ప్రాంతంలో. ఓ పావుగంట ముందు పులిహోర గిన్నె ఇచ్చేసి వచ్చెయ్యి, కూర్చోకు, ఆ వేళ వాళ్ళకి హడావిడి. పచ్చడి చిన్న గిన్నెలో చాలు, వేపపువ్వు ఉందని ముందే చెప్పు. మా పక్కింటి మలయ్ ఆవిడ మొదటిసారి స్వీటనుకుని పెద్ద చెంచాడు నోట్లో పెట్టుకుంది, ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తుంది. స్వీట్ కూడా ఇస్తే హలాల్ గుర్తున్న ప్యాకెట్ ఇయ్యి, వాళ్ళు ఏ అనుమానం లేకుండా తింటారు. శనివారం పండక్కి వాళ్ళు పిలుస్తారు, పిల్లలుంటే పచ్చ కవర్లు కూడా వస్తాయి. కెటుపట్ అచ్చంగా అన్నమే, తినొచ్చు. పక్కనే రెండాంగ్ పెడతారు, అది మాంసం.

కొత్తగా_సెంగ్‌కాంగ్:

అత్తయ్యగారూ, చాలా థ్యాంక్సండీ. ఆంటీకి ఇప్పుడే చెప్పొచ్చాను. వాళ్ళూ మొదటిరోజు శాకాహారమేనట! కవర్లో 8 పెడతాం. ఇంతకీ వేపపువ్వు ఎక్కడ దొరుకుతుంది?

తెనాలి_టు_టెక్కా:

టెక్కా మార్కెట్లో. ఉగాది ముందురోజు, బుధవారం పొద్దున్నే వెళ్ళండి, సాయంత్రానికి కొమ్మలు మిగలవు. పచ్చి మామిడికాయ కూడా అప్పుడే కొనేసుకోండి.