విడిపోగల పెళ్లా, విడదీయరాని పెళ్లా: ఆడమనిషికి ఏది నయం?

నైలుగట్టు:
ప్రాచీన ఈజిప్టులో పెళ్లికి పూజారి అక్కర్లేదు, ప్రభుత్వ రిజిస్టరూ లేదు. ఇద్దరూ ఒక ఇంట కాపురం పెడితే పెళ్లయినట్టే. పొసగకపోతే భార్య అయినా, భర్త అయినా బయటికి రావచ్చు. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆమెదే. కలిసి సంపాదించిన దాంట్లో మూడో వంతు ఆమె వాటా. కథోలికులకైతే జ్ఞానవివాహం, అంటే చర్చిలో పెళ్లి, అయ్యాక చచ్చేదాకా ముడి వీడదు. ఇంకా చర్చ ఎందుకండీ?

గుడిగంట:
ఎందుకంటే, విడిపోవడం అంత తేలికైతే మొగుడు వదిలేయడమూ అంతే తేలిక. చర్చి పెళ్లికి మూలం ఇద్దరి ఒప్పుదల. తల్లిదండ్రుల అనుమతి లేని పెళ్లి చెల్లదని చట్టం చేయమని, కథోలిక చర్చి పెద్దలు కూడిన ట్రెంట్ మహాసభలో ఫ్రాన్స్ వాళ్లు గట్టిగా పట్టుబట్టినా సభ ఒప్పుకోలేదు. 1563లో పెట్టిన షరతల్లా విచారణ గురువు (ఆ ఊరి చర్చి ఫాదర్), ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని. అంతకు ముందు చాటుగా పెళ్లాడి, తర్వాత అసలు మాటే ఇవ్వలేదని బుకాయించే మగాళ్లుండేవారు మరి. అమ్మాయి మాటకి మన ఇళ్లలో ఇప్పటికైనా అంత విలువుందా?

నైలుగట్టు:
ఆ కథోలికుల ఇటలీ నగరం ఫ్లోరెన్స్‌లోనే 1425లో నగరపాలకులు కట్నాల కోసం ఏకంగా ఒక నిధి పెట్టారు. తండ్రి ముందుగా డబ్బు కడితే కూతురి పెళ్లినాటికి అది కట్నంగా పెరిగి వచ్చేది. కట్నం, వరుడు కుదిరాక గుడిలో అడిగే ఒప్పుదల ఏపాటిది?
ఇక ఈజిప్టు ఆడమనిషి నౌనఖ్తె సంగతి చూడండి. రాజుల సమాధులు తొలిచే పనివాళ్ల ఊరు దేర్ ఎల్ మదీనా ఆమెది. క్రీ.పూ. 1145 ప్రాంతంలో, రెండో భర్త బతికుండగానే, ఊరి పంచాయితీ ముందు తన ఆస్తి పంచింది. ఎనిమిది మంది పిల్లల్లో ముసలితనంలో తనను చూడనివాళ్లకి తన వాటాలో చిల్లిగవ్వ రాయలేదు. బాగా చూసిన కొడుక్కి అదనంగా ఒక కంచు గిన్నె ఇచ్చింది. భర్త అడ్డు చెప్పలేదు.

మేనకోడలు:
వరసల మాట ఇద్దరూ ఎత్తలేదేం? చర్చిలో 1215 నాటి లాటరన్ మహాసభ దాకా ఏడు తరాల బంధుత్వంలో పెళ్లి నిషేధం, ఆ తర్వాత నాలుగు తరాలకు తగ్గించారు. ఈజిప్టులో చిన్నాన్న పిల్లల్ని చేసుకోవడం మామూలే. అన్నాచెల్లెళ్ల పెళ్లి మాత్రం ఫారోల కాలంలో రాజుల ఇళ్లదే, మామూలు జనంలో అది బాగా కనిపించేది రోమన్ల నాటి జనగణన పత్రాల్లో. వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి. మన తెలుగు కథోలికులు ఇప్పటికీ మేనరికం చేసుకోవాలంటే చర్చి నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి.

గుడిగంట:
మంచి మాట. నైలుగట్టు గారూ, నౌనఖ్తె మొదటి భర్త పేరున్న లేఖకుడు, అందుకే ఆమెకి అంత ఆస్తి. పొలంలో కూలి చేసుకునే ఈజిప్టు ఆడదాని వీలునామా ఒక్కటి చూపించండి.

నైలుగట్టు:
చూపించలేను, కూలివాళ్ల కాగితాలు ఏ దేశంలోనైనా మిగలడం అరుదు. మీరు ఫిలిప్పీన్స్ సంగతి చెప్పండి. అక్కడ ముస్లింలకు తప్ప విడాకుల చట్టమే లేదు. తన్నే మొగుడితో పెళ్లి ముడి పూర్తిగా తెంచుకోవాలన్నా, ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదని కోర్టులో నిరూపించుకోవాలి. అంత ఖర్చు ఏ కూలిది భరిస్తుంది?