సెల్లులను ఎండలో పెడితే నిజంగా పనిచేస్తాయా?

పాలమూరు రైతుబిడ్డ:
టార్చిలైటు వెలుగు తగ్గితే మా నాన్నగారు సెల్లులు తీసి ఎండలో, ముసురు పట్టిన రోజుల్లో పొయ్యిగట్టు మీద పెట్టేవారు. ఆ రాత్రి చేనుకు వెళ్లి మోటారు వేసి రావడానికి సరిపడా వెలుగు వచ్చేది. మా అబ్బాయి ఇదంతా మూఢనమ్మకం అంటున్నాడు. తెలిసినవారు వివరించగలరు.

సైన్సు మాష్టారు:
మీ నాన్నగారి పద్ధతికి ఆధారం ఉందండీ. జింకు-కార్బన్ సెల్లు కొత్తగా ఉన్నప్పుడు 1.5 వోల్టులు ఇస్తుంది. వాడేకొద్దీ దాని అంతర్నిరోధం, అంటే సెల్లు లోపలే కరెంటుకు తగిలే అడ్డు, పెరుగుతుంది. సెల్లు వెచ్చబడితే ఆ నిరోధం కాస్త తగ్గి, రసాయన చర్య పుంజుకుని, లోపల మిగిలిన శక్తి బయటికి వస్తుందే తప్ప కొత్తగా ఏమీ చేరదు. ఆ సెల్లుకు డబ్బాగా ఉన్న జింకు రేకే రుణధ్రువం కనుక అది క్రమంగా కరిగి చిల్లుపడి, రసం కారి, టార్చిలోని స్ప్రింగును తినేస్తుంది. అయితే ఈ పద్ధతిని సెల్‌ఫోనుకు వర్తింపజేయకూడదు. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి తగిలితే ఆయుష్షు తగ్గుతుంది.

గోదారి కోడలు:
మా మామగారు ట్రాక్టరు బ్యాటరీకి వాననీళ్లు పట్టి పోసేవారట. ఇప్పుడు ఇన్వర్టరుకు ఫిల్టరు నీళ్లు చాలంటున్నారు. చాలుతాయా?

సైన్సు మాష్టారు:
చాలవమ్మా. ఫిల్టరు నీటిలోనూ లవణాలు మిగిలే ఉంటాయి. డిస్టిల్డ్ వాటరే పోయండి. ఛార్జింగులో నీరే ఆవిరి, వాయువులుగా పోతుంది, యాసిడ్ లోపలే ఉంటుంది కనుక మళ్లీ యాసిడ్ కలపకండి.

పిల్లల వార్డు నర్సు:
అయిపోయిన సెల్లు పగలగొట్టి, నల్లపొడిని ఆకు రసంతో నూరి పలకకు పూసిన తరం మాది. అందుకే ఇంటి పెద్దలకు పాత సెల్లంటే భయం ఉండదు. బిళ్లలాంటి లిథియం సెల్లుల విషయంలో మాత్రం ఆ ధీమా ప్రాణాంతకం. కారు తాళాల్లో, బొమ్మల్లో, చిన్న రిమోట్లలో ఉండే ఈ 3 వోల్టుల సెల్లును పసిపిల్లలు మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కుని, అక్కడి తడితో విద్యుత్తు ప్రవహించి క్షారం పుట్టి, 2 గంటల్లోనే లోపలి కండను కాల్చేయగలదు. బొమ్మ ఆడడం మానేసిన సెల్లులో కూడా అందుకు సరిపడా శక్తి ఉంటుంది. మింగినట్లు అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా, తెల్లవారేదాకా ఆగకుండా, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లండి. ఇంట్లోని బొమ్మలకు, రిమోట్లకు సెల్లు మూత స్క్రూతో బిగించి ఉందో లేదో ఈ రోజే చూడండి.

పాలమూరు రైతుబిడ్డ:
మనవరాలి పాటల బొమ్మకు మూత ఉంది కానీ స్క్రూ లేదు. సెల్లులు తీసేసి, బొమ్మను అటక మీద పెట్టాను.