ఒకే పాఠం, రెండు భాషలు: మార్కులు పక్కపక్కన పెట్టొచ్చా?

లంకటీచరు, ముమ్మిడివరం
మా బడిలో రెండు మీడియంలూ ఉన్నాయండి. చదివి అర్థం చేసుకునే పరీక్షకి కొబ్బరి దింపు మీద తెలుగులో పాఠం రాసి, ఇంగ్లీషులోకి నేనే మార్చాను. ఒక ప్రశ్న దగ్గర ఇంగ్లీషు సెక్షను బోల్తా పడింది. తెలుగులో పాఠంలోనూ ప్రశ్నలోనూ "దింపు" అనే ఉంది, పిల్లలు ఆ మాట వెతికి జవాబు పట్టేశారు. ఇంగ్లీషులో మాత్రం పాఠంలో "హార్వెస్ట్", ప్రశ్నలో "ప్లక్" పెట్టాను. తప్పు నాదే అనిపిస్తోంది. కానీ స్టాఫ్‌రూంలో "ఆ సెక్షన్ వీక్" అని తేల్చేశారు. మనసొప్పడం లేదు. చాలా దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలకి పెట్టే పీసా పరీక్షని కెనడాలో ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ పెడతారు కదా, అక్కడ ఈ చిక్కు ఎలా చూస్తారు?

యానాం పెద్దాయన
అమ్మా, మా ఊరు 1954 దాకా ఫ్రెంచివాళ్ల కింద ఉంది, నాకూ ఆ భాష కొంత వచ్చు. ఇంగ్లీషులో "రివర్" ఒక్కటే. ఫ్రెంచిలో సముద్రంలో కలిసేది "ఫ్లవ్", మరో నదిలో కలిసేది "రివియేర్". గోదారి ఫ్లవ్, శబరి రివియేర్. "ఈ నది ఎందులో కలుస్తుంది?" అని అడిగితే ఫ్రెంచి పిల్లాడికి ఆ మాటే సగం జవాబు చెప్పేస్తుంది. అనువాదంలో తప్పేమీ లేదు, అయినా ప్రశ్న తేలికైపోయింది.

కొలతలబాబు, కాకినాడ
పీసాలో ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ మూలప్రతులే. పాఠంలో మాట ప్రశ్నలోనూ అదే వస్తే, అనువాదంలోనూ అలాగే ఉంచమని అనువాదకులకి చెబుతారు. మీ "దింపు" సంగతి సరిగ్గా అదే. ఆపైన, మొత్తం మార్కులు సమానంగా వచ్చిన పిల్లల్ని రెండు భాషల నుంచీ తీసుకుని, ఒక్కో ప్రశ్నకీ ఎవరు ఎంతమంది సరిగ్గా రాశారో పోలుస్తారు. మాంటెల్, హేన్‌జెల్ అనే గణాంకవేత్తలు 1959లో రోగాల అధ్యయనానికి ఇచ్చిన లెక్క ఇందుకూ వాడతారు. ఒక్కటి మరవకండి: అన్ని ప్రశ్నలూ ఒకే భాషవాళ్లకి సమానంగా బరువైతే మొత్తం మార్కే వాలిపోతుంది, ఈ లెక్కకి అది కనిపించదు. పైగా రెండు సెక్షన్ల పిల్లలంటే మరీ తక్కువమంది, ఈ లెక్క నిలబడదు. రెండు భాషలూ బాగా వచ్చినవాళ్ల చేత పక్కపక్కన చదివించండి.

లంకటీచరు
ఆ ప్రశ్న మార్కులు ఇద్దరికీ తీసేశాను. "వీక్" అన్న మాట రిజిస్టరులో కొట్టేయమని హెడ్‌మాస్టారిని అడిగాను. పెద్దాయన గారూ, ఇంకొకటి. "లంక"ని "ఐలండ్" అన్నాను. ఒక పిల్ల చుట్టూ సముద్రం, ఓడ బొమ్మ వేసింది. గోదారి పాయల మధ్య ఉన్న మన లంకకి ఏం మాట పెట్టమంటారు?